పసుపు మంట

ఉదయం పదకొండుంపావుకి, నలభై రోజుల తర్వాత, గ్యాస్ గీజర్ల కొట్టు బ్లాగు కోసం ఒక కొత్త వ్యాసం మొదలైంది. రాస్తున్నది కొట్టు యజమానికి అన్నగారి కూతురు.

“హమ్మయ్య, నీ కంప్యూటరు అలక తీరిందా తల్లీ?” అన్నాడు బాబాయి. “కొట్టు మూసేశారా అని అడుగుతున్నారు జనం.”

ఆమె తెర అతనివైపు తిప్పింది. ‘కిందటి వ్యాసంలో నేను రాసింది తప్పు. గీజరు మంట పసుపుగా ఉంటే విషవాయువు వస్తున్నట్టే.’

“అప్పుడు మెకానిక్‌ని అడగలేదా?”

“లేదు బాబాయ్. నెలకొకటి కావాలన్నావని, పసుపైనా పరవాలేదని రాసేశా.”

ఆ వ్యాసాన్ని ఆమె తీసేసేసరికే మూడొందలమంది చదివారు.

“ఇది పెడితే కొట్టుకి మనమే తాళం వేసుకున్నట్టు,” అన్నాడు బాబాయి.

తీసేసేముందు దాచుకున్న రెండు వ్యాఖ్యలు ఆమె చూపించింది. మొదటిది ఒక గృహిణిది: “మా ఇంట్లో మంటా పసుపే. ఇది చదివాక ధైర్యం వచ్చింది.” రెండోది, మూడు రోజుల తర్వాత, ఆవిడ భర్తది: “స్నానానికి వెళ్లింది. తలుపు పగలగొట్టాల్సి వచ్చింది.”

బాబాయి కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాడు.

“మంట నీలంగా ఉండాలని కూడా రాయి,” అన్నాడు.

మెకానిక్ చదివాక, వ్యాసం పన్నెండింటికి వెలువడుతుంది. నాలుగింటికి ఇద్దరూ ఆ భర్త ఇంటికి వెళ్తారు.