పిల్లి మెడలో మగగొంతు

మూగజీవాలకు మాటలిచ్చామని చప్పట్లు కొట్టించుకున్న పెద్దమనుషులారా, ఓదెమ్మ ఇంటి కుక్కను చంపుతున్నది మీరే.

పెంచుకునే ప్రతి జీవికీ మాట్లాడే మెడపట్టీ కట్టాలని చట్టం చేశారు. అన్నింటికీ ఒకే మగగొంతు పెట్టారు. ఈ కుక్కనేమో ఎవడో మగాడు కర్రతో బాది నడుం విరిచాడు. ఓదెమ్మ సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకుని పదకొండు రోజులైంది. బియ్యం డబ్బా వెనక దూరి గంజి కూడా ముట్టడం లేదు. మొరగదు గనక దాని పట్టీ పలకదు.

ఇంట్లో ఉన్న పిల్లి దగ్గరికొస్తే తోక కొంచెం ఆడించేది. పిల్లి అరవగానే పట్టీ గట్టిగా, "ఆకలైతాంది, పాలు పొయ్యి!" అనేది. కుక్క అక్కడే ఉచ్చ పోసుకునేది. పెంపుడు కోడి అరిచినా అంతే.

"ఇగో, ఇది పిల్లికి భయపడ్తలేదు. ఆ గొంతుకు భయపడ్తాంది," అంది ఓదెమ్మ.

"దీనికోసం నేను గుసగుస మాట్లాడబడ్తి. పిల్లేమో సర్పంచి లెక్క ఒర్రుతాంది," అన్నాడు మొగుడు కొమురయ్య. "పట్టీలు తీస్తే మాత్రం మూడింటినీ గుంజుకపోతరే."

"తియ్యకుంటే ఇది సస్తది గదా!"

పిల్లిదీ కోడిదీ పట్టీలు కత్తెరతో కోసేసింది. కాసేపటికి కుక్క బయటికొచ్చి, పిల్లి పక్కనే గంజి తాగింది.

తెగిన పట్టీలే కబురు పంపాయి; గంట తిరక్కముందే మున్సిపాలిటీ బండి వచ్చింది. దిగినవాడు కొత్త పట్టీలు చూపించి, "కడ్తవా, తీస్కపోవాల్నా?" అని గద్దించాడు. ఆ గొంతుకు కుక్క మళ్లీ డబ్బా వెనక దూరింది.

ఓదెమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"ముందు ఊర్లున్న పట్టీలన్నీ తియ్యుండ్రి. ఇయ్యాల్నే తియ్యుండ్రి. ఎన్క నా మీద కేసు రాసుకోండ్రి."