ఏ ఫెలిచే?

“ఒకడు బతికాడు. రెండోవాణ్ణి సముద్రం మింగేసింది, శవం కూడా దొరకలేదు,” అన్నాడు రేవు కచేరీ అధికారి. “బతికినవాడి ఒంటిమీద గుర్తింపు కార్డు లేదు. పేరు మాత్రం చెప్పాడట. ఇంటిపేరు బోస్కోలో, పేరు ఫెలిచే.”

ఎల్విరా, బ్రూనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పడవలో వెళ్ళింది ఇద్దరే. ఒకడు ఎల్విరా మొగుడు, ఒకడు బ్రూనా మొగుడు. ఇద్దరూ బోస్కోలో ఫెలిచేలే.

“ఏ ఫెలిచే అయ్యా?” అంది ఎల్విరా.

“ఇదేం గోల! పేరూ ఇంటిపేరూ చెప్పానుగా?”

గుమ్మంలో మూగిన ఆడవాళ్ళలోంచి ఒక ముసలమ్మ అధికారిని కసిరింది.

“నిన్నగాక మొన్న దక్షిణాది నుంచి దిగావు, నీకేం తెలుసు? మా కియోజ్జాలో రాయి విసిరితే బోస్కోలో ఇంటిపేరోడికే తగులుద్ది. ఫెలిచే మా ఊరి దేవుడి పేరు, ఇంటికొకడుంటాడు. మారుపేరు అడుగు. కార్డు మీద కూడా అదే అచ్చేస్తారు. బ్రూనా వాళ్ళు ఉప్పుమూటోళ్ళు, ఎల్విరా వాళ్ళు గూనోళ్ళు.”

“మా ఆయనకి గూని లేదు,” అంది ఎల్విరా. “వాళ్ళ తాతకుండేది.”

“తెలుసులేవే. కార్డు మీద ఆ మాట కొట్టెయ్యమని మునిసిపాలిటీలో బల్ల విరగ్గొట్టినోడేగా!”

“గూనోడా అని పిలిచి బతికి బట్టకట్టింది మా ఆయనొక్కడే,” అంది బ్రూనా. ఆ గాభరాలోనూ ఆమెకు కాస్త నవ్వొచ్చింది.

“బోస్కో అంటే అడవి. అక్కడ కట్టెలు కొట్టుకునేవాళ్ళకి పడిన ఇంటిపేరంట మాది,” ముసలమ్మ గొణిగింది. “చచ్చేది మాత్రం ఉప్పునీళ్ళలో. చూస్తావేం, ఫోను చెయ్యి!”

అధికారి, బతికినవాణ్ణి చేర్చిన అవతలి ఒడ్డు పూలా ఊరి ఆసుపత్రికి ఫోను కలిపాడు. చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి తల గోక్కున్నాడు.

“పేరు చెప్పాక ఒళ్ళు తెలియని జ్వరమట. ఏం అడిగినా ఒకటే మాట అంటున్నాడట. పొద్దుట్నుంచీ అదే.”

“ఏం మాట?”

అనడానికి అతనికి మొహమాటం వేసింది.

“గూనోడు.”

కచేరీ అంతా ఒక్కసారి సంతోషంతో హోరెత్తింది. ఆడవాళ్ళు ఎల్విరాను వాటేసుకున్నారు. బ్రూనా గోడకు జారబడి, నడుముకు కట్టుకున్న వంటగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఎల్విరా నవ్వబోయింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. తనను పట్టుకున్న చేతులను ఒక్కొక్కటిగా విడిపించుకుంది. వెళ్ళి బ్రూనా పక్కన నేలమీద కూర్చుంది. ఆమె మొహం మీది గుడ్డ మెల్లగా లాగింది.

“లేవే. పూలాకి బయల్దేరు. మా ఆయన చచ్చినా ఆ మాట తన నోటితో అనడు. అక్కడ పడుకుని మా ఆయన్ని పిలుస్తున్నది మీ ఆయన.”