ఆ పదేళ్ళు ఎవరివి?

“మాస్టారూ, ఆ పదేళ్ళు ఎవరివండీ?”

ఫిజిక్స్ మాస్టారి చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. స్టాఫ్ రూమ్ గుమ్మంలో బస్సు డ్రైవరు నిలబడి ఉంది. సాయంకాలం కాలేజీలో ఆయన దగ్గర చదువుకునే నలభై మందిలో ఆమె ఒకతి. పగలంతా బస్సు నడిపి, ఆ యూనిఫామ్‌తోనే క్లాసుకు వస్తుంది. పొద్దున్నే ఇక్కడ ఉందంటే డ్యూటీ మానుకుని వచ్చినట్టే.

“ఏ పదేళ్ళమ్మా?”

“నాలుగో ప్రశ్నలోవి.”

ఆమె ప్రశ్నపత్రాన్ని బల్ల మీద పరిచింది.

‘కాంతి వేగంలో అరవై శాతం వేగంతో ఒక నౌక భూమి నుంచి బయలుదేరింది. పదేళ్ళు గడిచాక, భూమి మీది కొలత ప్రకారం, అది ఎంత దూరంలో ఉంటుంది?’

ఎనిమిది మార్కుల ప్రశ్న. జవాబు ఆరు కాంతి సంవత్సరాలని నిన్ననే నోటీసు బోర్డులో పెట్టారు.

“భూమి మీద పదేళ్ళు. ఇందులో సందేహమేముంది?”

“నౌకలో పదేళ్ళనుకుంటే ఏడున్నర వస్తుంది కదండీ. వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుందని మీరే చెప్పారు. అక్కడ పదేళ్ళయ్యేసరికి ఇక్కడ పన్నెండున్నర అవుతుంది. నౌక ఇంకా ముందుకు పోయి ఉంటుంది.”

“భూమి మీది కొలత ప్రకారం అని రాశాను కదమ్మా!”

“అది దూరానికా, కాలానికా?”

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన ప్రశ్నకు వంక పెట్టినవాళ్ళు లేరు.

“రాసేటప్పుడు తికమకపడి, ఇప్పుడు నెపం ప్రశ్న మీదకు నెడితే ఎలా?”

ఆమె నొచ్చుకోలేదు.

“మా బస్సులో రోజూ ఇదే తగువండీ. పది నిమిషాల్లో చేరుస్తానంటాను. నేను బస్సు కదిలినప్పటి నుంచి లెక్కపెడతాను, ఎక్కినవాళ్ళు సీట్లో కూర్చున్నప్పటి నుంచి లెక్కపెడతారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు. ఎప్పటి నుంచో చెప్పకపోవడం మాత్రం నా తప్పే.”

జేబులోంచి ఓ అర్జీ తీసి ఆయన ముందు పెట్టింది.

“ఏడున్నర రాసినవాళ్ళు పన్నెండు మంది ఉన్నారు. ఈ ఎనిమిదీ పోతే వాళ్ళలో సగం మంది పరీక్ష తప్పుతారండీ. మళ్ళీ ఏడాది ఆగాలి. ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్ళం, ఏడాదంటే మాటలా?”

అర్జీ కింద ఒక్క సంతకమే ఉంది. పక్కన ఆమె హాల్ టికెట్ నంబరు.

“మిగతావాళ్ళేరీ?”

“మీకు కోపమొస్తుందని జంకారండీ.”

“మరి నీకు జంకు లేదా?”

“ఉందండీ,” అని నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళినా ‘ఆ పదేళ్ళు ఎవరివి’ అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మాస్టారి భార్య బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. మెడలో టేపుతోనే వడ్డించింది. ఆయన సంగతంతా చెప్పి ప్రశ్న చదివి వినిపించాడు.

“నాకు నౌకలూ గీకలూ తెలియవు గానీ,” అందామె, “ ‘రెండు మీటర్లు కోశాక, మీ టేపు ప్రకారం, ఎంత గుడ్డ మిగిలింది?’ అని నన్నెవరైనా అడిగారనుకోండి. మిగిలింది నా టేపుతో కొలుస్తాను. కోసిన ఆ రెండు మీటర్లూ ఎవరి టేపుతో కొలిచారని అడగనూ?”

మాస్టారు కంచం పక్కకు జరిపాడు.

“అయితే ఇన్నేళ్ళ నా పేరు ఏం కావాలోయ్?”

“పన్నెండు మందిని ముంచి నిలబెట్టుకుంటారా దాన్ని? ముందు తినండి, చల్లారిపోతోంది.”

తిరిగి కాలేజీకి వెళ్తూ దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. ప్రిన్సిపాల్ ఒకప్పుడు ఆయన శిష్యుడే. శిష్యుడి ముందు తప్పు ఒప్పుకోవాలంటే నామోషీగా ఉంది.

“బాబూ, నాలుగో ప్రశ్న రెండర్థాలు వచ్చేలా రాశాను. తప్పు నాది. ఆరుకూ, ఏడున్నరకూ రెంటికీ పూర్తి మార్కులివ్వాలి.”

ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“హమ్మయ్య! ఈ మాట మీతో ఎలా అనాలా అని నిన్నటి నుంచీ సతమతమవుతున్నాను మాస్టారూ. ఊరికే ఆ లెక్క వేసి చూస్తే నాకూ ఏడున్నరే వచ్చింది.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. గుండెల మీంచి బండ దించినట్టయింది మాస్టారికి. తప్పు ఒప్పుకోవడం ఇంత తేలికని తెలిస్తే పొద్దున్నే ఒప్పుకునేవాడు.

సవరించిన నోటీసు తన చేత్తోనే బోర్డుకు అంటించి, స్టాఫ్ రూమ్‌కు వచ్చి, దిద్దేసిన జవాబు పత్రాల కట్ట విప్పాడు. పత్రాల మీద పేర్లుండవు, నంబర్లే. పన్నెండింటిలో మొదటి ఎనిమిది మార్కులూ ధైర్యంగా వచ్చి అడిగిన ఆ మనిషికే వేయాలనిపించింది. అర్జీలోని నంబరు చూసుకుంటూ కట్టంతా వెతికి ఆమె పత్రం బయటికి లాగాడు. ఎర్ర పెన్ను మూత తీసి, పేజీలు తిప్పి, నాలుగో ప్రశ్న దగ్గర ఆగాడు.

ఆమె రాసింది ఆరు కాంతి సంవత్సరాలే.