చెప్పుల జిగురు

గడ్డకట్టే సముద్రంలో పడినా ఒంటికి తడి తగలనివ్వని సూట్లను వరంగల్‌లోని వీరేశం షెడ్డులో బాగుచేస్తారు. అతుకులకు జిగురు వేసేది సలోమి.

ఆ రోజు వీరేశం తన కొడుకు సూటు తెచ్చాడు. తాళం వేసిన బీరువాలోంచి విదేశీ జిగురు డబ్బా తీసిచ్చాడు.

"మా పిలగాడు ఓడెక్కుతాండు. జర మంచిగ వెయ్యి."

మూడేళ్ల కిందట ఓడ పనికి వెళ్తున్న సలోమి భర్త సూటుకు అతను ఇచ్చింది చెప్పుల జిగురు. సరిపోతుందన్న అతని మాట నమ్మి ఆమే తన చేతులతో వేసింది. సముద్రంలో అతుకు ఊడి, నీళ్లు నిండి భర్త పోయాడు. నిలదీస్తే వీరేశం ఒకటే మాటన్నాడు: "అతుకు పైకి కనవడదు. నీళ్లల్ల దిగితెనే తెలుస్తది."

సలోమి విదేశీ డబ్బా అందుకుని పని ముగించింది.

కొడుకు ఓడ రేవు దాటిన రోజు, చెప్పుల జిగురు ఖాళీ డబ్బా తెచ్చి వీరేశం బల్ల మీద పెట్టింది.

అతను లేచి నిలబడ్డాడు. "మా వాని సూటుకు ఏది వేసినవ్?"

"అతుకు పైకి కనవడదు సేటు. నీళ్లల్ల దిగితెనే తెలుస్తది."

విదేశీ డబ్బా ఆమె ఇంట్లో, భర్త ఫొటో వెనక ఉంది. అందులోని జిగురంతా అడుగుదాకా గీకి ఆ పిల్లాడి సూటుకే వేసింది. ఆ సంగతి వీరేశానికి తొమ్మిది నెలల తర్వాత, కొడుకు ఇల్లు చేరాక చెబుతుంది.