ఇనుప లోడు

“ట్రిప్పా? ఎక్కడికి?” డ్రైవరు కుర్చీలోంచి సగం లేచాడు.

“ట్రిప్పు కాదు బాబూ, డ్రిప్పు! కదలకండి” అంది నర్సు, సూది మీద ప్లాస్టరు అతికిస్తూ.

చుట్టూ సీసాలు తగిలించుకుని కూర్చున్న రోగులంతా నవ్వారు. ఏళ్ల తరబడి లారీలో ఇనుము తోలిన మనిషి ఒంట్లో ఇనుము లేదని డాక్టరు తేల్చాడు. అందుకే ఈ తుప్పు రంగు మందు, చుక్కచుక్కగా నరంలోకి.

“మధ్యాహ్నంలోగా వెళ్లకపోతే ఓనరు లోడు ఇంకొకడికిచ్చేస్తాడమ్మా. దూరపు ట్రిప్పు. కాస్త గేరు మార్చండి.”

నర్సు గొట్టం మీది చిన్న చక్రం చూపించింది. “ఇలా తిప్పితే వేగం, అలా తిప్పితే నిదానం. సరిగ్గానే పెట్టాను. మీరు ముట్టుకోకండి.”

“త్వరగా కానివ్వండమ్మా. ఈయన ఇంట్లోనే కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు” అంది పక్కనే స్టూలు మీదున్న భార్య.

నర్సు వెళ్లింది. డ్రైవరు లేని క్లచ్చు నొక్కుతూ, లేని బ్రేకు తొక్కుతూ సీసాకేసి చూస్తున్నాడు. పట్టపగలే చుక్కలు కనిపిస్తున్నాయి.

“మన చిన్నది సైకిలు నేర్చుకుంది” అంది భార్య, గొట్టం మడత పడిందేమోనని సర్దుతూ.

“ఎప్పుడు?”

“పోయిన వేసవిలో.”

“నాకు చెప్పలేదే!”

“చెప్దామంటే ఉంటేగా!”

పడిందా, మోకాళ్లు చెక్కుకుపోయాయా అని అడుగుతూ మాటల్లో పడ్డాడు. తలెత్తేసరికి సీసా నిండుగానే ఉంది.

“సిస్టర్! ఇది డ్రిప్పా, ఎండాకాలం కుళాయా?”

నర్సు వచ్చి చక్రం సరిచేసింది. “మీరు చెయ్యి ఆడిస్తున్నారు, అందుకే.”

చెయ్యి బిగబట్టి కూర్చున్నాడు. భార్య చిన్నదాని కబుర్లు అందుకుంది, మధ్యలో గొట్టం సర్దింది. కాసేపటికి మళ్లీ అదే తంతు. ఈసారి భార్యే పరిగెత్తి నర్సును పిలుచుకొచ్చింది.

ఫోను మోగింది. డ్రైవరు విన్నాడు, “సరే సార్” అన్నాడు, పెట్టేశాడు.

“లోడు పోయింది. ఇంకొకడు బండెక్కేశాడు.” పొద్దుట్నుంచీ ఆడుతున్న కాళ్లు ఆగిపోయాయి. “ఇంకేం తొందర? ఇంటికేగా.”

భార్య లేచి మరోసారి గొట్టం సర్దింది.

అటుగా వెళ్తున్న నర్సు టక్కున ఆగింది. “ఇంతసేపూ మొరాయించింది, ఇప్పుడు చూడండి, టపటపా పడుతోంది! ఏమొచ్చింది దీనికి?”

గదిలో అందరూ తలలు తిప్పారు.

“అప్పుడూ ఇప్పుడూ చక్రం తిప్పింది నేనేనమ్మా” అంది భార్య.