చెక్కిందెవరు?

సిరా పూసే రోలరుతో కొట్టిన మొదటి దెబ్బకే ముసలాయన మోకాలు చిట్లింది.

"ఈ బొమ్మ చెక్కిందెవరు?" కుర్చీలో కూర్చునే అడిగాడు ఇనస్పెక్టరు. కొట్టే పని హెడ్ కానిస్టేబుల్‌ది.

ఇరుకు అచ్చుగది. తాళ్ల మీద ఉతికిన బట్టల్లా తడి కాగితాలు వేలాడుతున్నాయి. మూడు తరాలుగా ఆ జిల్లాలో చదువు రాని వాళ్ల గోడలకు అందం ఈ చెక్క అచ్చుల బొమ్మలే. ముసలాయన తాత పులుల్నీ, పడవల్నీ అచ్చేశాడు. తండ్రి గజదొంగల కథలు వేశాడు. కిందటేడు నుంచి మాత్రం తీరు మారింది. పంది తలకాయతో గవర్నరు, ఆయన బూట్ల కింద రైతులు. పొద్దున బొమ్మ అంటిస్తే మధ్యాహ్నానికి ఊరు ఊరంతా పడీ పడీ నవ్వేది.

"నేను అచ్చు వేస్తానంతే బాబూ. చెక్కడం నాకు రాదు."

"వచ్చినవాడి పేరే అడుగుతున్నా."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఇనస్పెక్టరు సైగ చేశాడు. హెడ్డు ముసలాయన కుడిచేతిని బల్ల మీద పరిచి, ఒక్కో వేలూ వెనక్కి విరిచాడు. మూడో వేలికి హెడ్డు చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

"ఏమయ్యా హెడ్డూ, దెబ్బలో ఊపు లేదు?" అన్నాడు ఇనస్పెక్టరు. " పొద్దున ఏమీ తినలేదా?"

హెడ్డు రోలరు ఎత్తి ముసలాయన భుజం మీద ఒక్కటి వేశాడు. ఎముక పుటుక్కుమంది. కూలబడ్డ మనిషి పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెప్పెయ్ పెద్దాయనా. నీకు దణ్ణం పెడతాను. పేరు చెప్పి బతికిపో."

ఇనస్పెక్టరు పగలబడి నవ్వాడు. "తన్నమంటే బతిమాలతావేంటయ్యా!"

ముసలాయన నెత్తురు ఉమ్మి, హెడ్డు కళ్లలోకి చూశాడు.

"నా పని అయిపోయింది. మీ పని మీరు కానివ్వండి, హెడ్డుగారూ."

"తల మీద వెయ్," అన్నాడు ఇనస్పెక్టరు.

హెడ్డు కళ్లు మూసుకుని వేశాడు. బల్ల మీద సిరాలో నెత్తురు కలిసింది.

"మొండిఘటం," అంటూ ఇనస్పెక్టరు బూటుకాలితో కదిపి చూశాడు. కదలిక లేదు. చెక్కలన్నీ తగలబెట్టమని చెప్పి వెళ్లిపోయాడు.

హెడ్డు బల్ల మీది చెక్క ఒకటి తీసుకుని, దాని మీది గాట్లను వేలితో తడిమాడు.

ప్రాణం పోతున్నా ముసలాయన బయటపెట్టని ఆ పేరు, హెడ్డుదే.