ప్రెసిడెంటు గారి చేతి వంట

"కొరమీను బాగా తోమావా? నీచు వాసనొచ్చిందంటే పరువు పోతుంది. టీవీవాళ్ళొస్తున్నారు," అన్నారు నీలవేణి గారు, పెరటి గుమ్మంలోంచే.

"ఆయ్, తోమానండి. బూడిదేసి, ఉప్పేసి మూడుసార్లు రుద్దానండి," అంది సంపూర్ణమ్మ పొయ్యి ఊదుతూ.

పంచాయతీ ఎన్నికలు మళ్ళీ దగ్గరపడుతున్నాయి. ఓ టీవీ చానలు వాళ్ళకి సరదా పుట్టింది. 'ఓట్ల ఊరు, వంటల జోరు' అని ఒక కార్యక్రమం పెట్టారు. ఊరూరా తిరిగి, ఆ ఊరి ప్రెసిడెంటు గారి చేత ఒక వంట చేయించి, నాలుగు రాజకీయాలు మాట్లాడించి చూపిస్తారు. జనం ఎగబడి చూస్తారు. రోడ్డెందుకు వెయ్యలేదని అడగాల్సిన నోళ్ళు, పులుసులో బెల్లం ఎంత వేశారని అడుగుతాయి. ఖర్మ!

భీమవరం దగ్గరి ఈ ఊళ్ళో నీలవేణి గారి భర్త ఆంజనేయరాజు గారిని ఊరంతా 'ప్రెసిడెంటు గారూ' అనే పిలుస్తుంది. ఆయనకి నలభై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. ఆ చెరువుల మీద కూలి పనికి వెళ్ళే సంపూర్ణమ్మ కూడా ఆయన్ని అలాగే పిలుస్తుంది.

ఆ పూట సంపూర్ణమ్మ మనసు పులుసు మీద లేదు. చెరువులొచ్చాక ఊరి చివర తమ పేటలో బోరు నీళ్ళు ఉప్పు కషాయమైపోయాయి. మనవరాలు వినీలకి ఒళ్ళంతా దద్దుర్లు. గోక్కుని గోక్కుని పుళ్ళు పడి, పిల్ల బడి కూడా మానేసింది. నీళ్ళు మారిస్తే గానీ తగ్గదని డాక్టరు చెప్పేశాడు. ఊరికి కొత్తగా మంచినీళ్ళ పైపు మంజూరైందిట. అది పేట దాకా వేయించమని అడగాలి. టీవీవాళ్ళొచ్చిన రోజు రాజుగారు నవ్వు మొహంతో ఉంటారు. ఇవాళ అడక్కపోతే ఇంకెప్పుడూ అడిగే వీలుండదు.

పోయిన ఎన్నికల్లో పేట పేటంతా ఒక్క ఓటు పోకుండా కత్తెర గుర్తుకే గుద్దింది. ఇంటికో బిర్యానీ పొట్లం, అందులో ఒక కోడిగుడ్డు. కుళాయి వస్తుందన్నారు. ఆ పొట్లాల తర్వాత పేట మొహం చూసినవాడు లేడు.

పదకొండింటికి యాంకరు కీర్తిప్రియ కారు దిగింది. "వావ్, కట్టెల పొయ్యి!" అంది. కెమెరా పెట్టేలోగా సంపూర్ణమ్మని పక్కకి జరగమన్నారు. పులుసు అప్పటికే ఉడికి, నూనె తేలి ఉంది. రాజుగారు తెల్ల చొక్కా మీద కొత్త తువ్వాలు వేసుకుని పులుసు దాక ముందు నిలబడ్డారు.

"ప్రెసిడెంటు గారూ, పోయినసారి మెజారిటీ ఎంతండీ?"

"మూడొందల పన్నెండండి. ఊరంతా ఒక్కమాట మీద నిలబడి గెలిపించుకున్నామండి. మా ఊళ్ళో కులాలూ మతాలూ లేవండి. అందరం ఒక్క కంచంలో తినే మనుషులమండి."

"మరి ఈ ఏడాది ఊరికి ఏం చేస్తున్నారండీ?"

"మంచినీళ్ళండి. ఆడబిడ్డ బిందె ఎత్తకూడదన్నదే మన ఆశయమండి."

సంపూర్ణమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఉత్సాహంగా గరిటె తీసుకుని దాకలో పెట్టి గిరగిరా తిప్పారు. అయ్యో రామా! చేపల పులుసులో ఎవరైనా గరిటె పెడతారా? దాకని గుడ్డతో పట్టుకుని కుదపాలి గానీ. ముక్కలన్నీ చెదిరిపోయాయి. సంపూర్ణమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"చూశారుగా, ముక్క ఎంత మెత్తగా ఉందో!" అని కెమెరాకి చూపించింది కీర్తిప్రియ. ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. "అబ్బ! చాలా ఊళ్ళలో ఎవరో వండిపెడితే పేరు వేసుకుంటారండి. ఇది మాత్రం నిజంగా ప్రెసిడెంటు గారి చేతి వంటే!"

పెరట్లో ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నీలవేణి గారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు.

"మీరూ ఒక ముద్ద తినండి సార్."

"నాకివాళ ఉపవాసమండి," అన్నారు రాజుగారు.

పొద్దున్నే అరడజను ఇడ్లీలు లాగించిన మనిషి! పేట మనిషి వండిన దాకలోది ఆయన ముట్టరు. ఒక్క కంచం అన్నది ఇందాకటి మాట. సంపూర్ణమ్మకి ఒళ్ళు మండింది. మండి మాత్రం ఏం లాభం? పైపు కావాలి.

టీవీవాళ్ళ కారు మలుపు తిరిగాక సంపూర్ణమ్మ రాజుగారి దగ్గరికి వచ్చింది.

"ప్రెసిడెంటు గారండీ... మా పేటకి ఆ కుళాయి సంగతండి. పిల్ల ఒళ్ళు చూళ్ళేకపోతున్నామండి."

"అబ్బ, నీకు వేళాపాళా లేదు సంపూర్ణం. ఆ పని మీదే సెక్రటరీని రమ్మన్నాను."

అన్నట్టుగానే పంచాయతీ సెక్రటరీ ఫణీంద్ర ఫైలు పట్టుకుని వచ్చాడు. "తీర్మానం రెడీ అండి. పైపు పేటకి వెళ్ళకుండా మీ చెరువుల మీది గెస్ట్‌హౌస్‌కి తిప్పేశానండి. సంతకం ఒక్కటే తక్కువండి," అన్నాడు.

"మరి పేటకండీ?" అంది సంపూర్ణమ్మ.

"వచ్చేసారి చూద్దాంలే. ఈలోగా పిల్లకి కొబ్బరినూనె రాయండి." రాజుగారు తువ్వాలు తీసి దులుపుకున్నారు. "మీ అబ్బాయి ఆరోన్ నా చెరువు మీదేగా కాపలా ఉంటున్నాడు? ఉండాలా, వద్దా?"

సంపూర్ణమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఫణీంద్ర తీర్మానం తెచ్చి ఆవిడ ముందు పెడితే, అడుగున 'సర్పంచ్' అని అచ్చు వేసి ఉన్నచోట, తను ఎన్నికల్లో గెలిచిన వారానికి నీలవేణి గారు దిద్దించిన తన పేరు నాలుగక్షరాలూ వరసగా రాసి ఇచ్చింది.